ఒస్మైదా వంటగదిలో పంతొమ్మిది తీగలు

హవానాలోని ఆ వాడలో పంతొమ్మిది ఇళ్ల కంప్యూటర్లను కలిపే తీగలన్నీ ఒస్మైదా వంటగదికే వచ్చి చేరేవి. ఇంటర్నెట్ ఎవరింట్లోనూ లేదు. సినిమాలైనా, పాఠాలైనా, పెళ్లి ఫోటోలైనా ఆ తీగల మీదే తిరగాలి. ఆమె కంప్యూటర్లో అందరికీ తెరిచిపెట్టిన ఫోల్డరు ఒకటుండేది. ఎవరైనా అందులో పెట్టవచ్చు, తీసుకోవచ్చు.

ఆమె ఇళ్ల నక్షలు గీసి రిటైరైన మనిషి. ఎదురింటి చెల్లెలికి సీరియళ్లు పంపడానికి మొదట ఒక్క తీగ లాగింది. ఎనిమిదేళ్లలో మిగతావి వచ్చి తగులుకున్నాయి. గాలివానకు తెగినప్పుడల్లా డాబా ఎక్కడం ఆమె వంతయింది.

ఒక ఉదయం వెనక వీధి యుసేబియో వచ్చాడు. కిందటేడు పోయిన భార్య పాడిన వీడియో ఆ ఫోల్డరులో దాచాడట. ఇప్పుడు లేదు.

"నువ్వు గానీ తీసేశావా అక్కా?"

"నేనెందుకు తీస్తానయ్యా? ఎవరో చోటు చాలక చెరిపుంటారు. నీ దగ్గర ఇంకోటి లేదా?"

"నీ దగ్గరుందిగా అనుకున్నా."

ఆమెకు కోపం కూడా రాలేదు. అందరూ అనే మాటే. ఎవరైనా ఎప్పుడో తమ కంప్యూటర్లోకి దించుకుని ఉండవచ్చని, కాఫీ సగంలో వదిలి ఇల్లిల్లూ బయలుదేరింది. వెళ్లిన ప్రతి చోటా వీడియో లేదు గానీ, పని ఉంది.

"వచ్చావు కదా అక్కా, మా దాంట్లో శబ్దం రావట్లేదు, కాస్త చూడు."

చూసింది. పన్నెండిళ్లయ్యేసరికి మోకాళ్లు పట్టేశాయి. పదమూడోది మిగ్దాలియా ఇల్లు, మూడో అంతస్తు. తీగ ఎవరి డాబా మీదుగా పోవాలన్న తగవుతో ఇద్దరికీ రెండేళ్లుగా మాటల్లేవు.

"దారి తప్పావా?" అంది మిగ్దాలియా తలుపు తీసి.

"యుసేబియో పెళ్లాం పాట ఉందా నీ దగ్గర?"

"ఉంది. బట్టలుతుకుతూ రోజూ పెట్టుకుంటా. మంచి గొంతు."

ఒస్మైదా కుర్చీలో కూలబడింది. అక్కణ్ణుంచే ఆ వీడియోను యుసేబియో కంప్యూటరుకు పంపింది. కాసేపటికి కింద వీధిలోంచి అతని గొంతు వినిపించింది.

"వచ్చిందక్కా. మళ్లీ నీ ఫోల్డరులో పెట్టనా?"

"నీ దగ్గరే ఉంచుకో నాయనా. నేనింక ఇల్లిల్లూ మెట్లెక్కలేను."

మిగ్దాలియా ఆమె కాళ్లకేసి చూసింది. "సగం తీగలు మా వంటింటికి మార్చు. నాకేం పనుంది?"

ఒస్మైదా బతిమాలించుకోలేదు. ఆ వారంలోనే తొమ్మిది తీగలు మారాయి. బరువు దిగినట్టుంటుందనుకుంది గానీ అలా ఏమీ అనిపించలేదు. ఒక మధ్యాహ్నం మాత్రం, ఎవరూ పిలవక, గంటన్నర నిద్రపోయింది.