తాతయ్య చెక్కిన సన్నగీత

నా కంప్యూటరు పక్కనుండే టేకు అచ్చును చేతిలోకి తీసుకుంటే ఈనాటికీ నూనె వాసన వేస్తుంది. దాని మీద తిరగేసి చెక్కిన ‘క’ ఉంటుంది. కుండలాంటి బొజ్జ, నెత్తిన వెంట్రుకంత తలకట్టు. దాన్ని చూసినప్పుడల్లా మా బందరు ఇంటి అరుగు, శ్రావణమాసపు ముసురు, ఆ ముసురులోనే టకటకమనే తాతయ్య ఉలి చప్పుడు, అమ్మమ్మ పెసరట్లు పోస్తుంటే వచ్చే అల్లం వాసన, అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి.

తాతయ్య కలంకారీ బట్టల మీద అద్దే అచ్చులు చెక్కేవాడు. పూలూ తీగలూ ఆయనకు మంచినీళ్లు తాగినంత తేలిక. నా పదో ఏట, గుడివాడలో ప్రెస్సు నడిపే ప్రసాదు గారు వచ్చి, ‘నాటక పోటీలు’ అని గోడపత్రిక వేయాలనీ, తన దగ్గరున్న సీసపు అక్షరాలు చిన్నవనీ, జానెడేసి చెక్క అక్షరాలు కావాలనీ అడిగారు. తాతయ్య ముందూ వెనకా చూడకుండా ఒప్పుకున్నాడు. మూడు రోజులు కూర్చుని ‘నా’ చెక్కి, రంగద్ది కాగితం మీద నొక్కితే అక్షరం తిరగబడి పడింది. పువ్వు ఎటు తిరిగినా పువ్వే గనక, ఆ సంగతే ఆయనకు తట్టలేదు. నేను కిసుక్కున నవ్వాను.

“నవ్వింది చాల్లేవే. నువ్వే గీసివ్వు” అన్నాడు.

గీత వెనక వైపుకీ కనబడేలా నూనె రాసిన కాగితం మీద గీశాను. బొజ్జలు ఎంత లావో తలకట్లు అంత సన్నం. అలా ఉంటేనే నాకిష్టం. కాగితాన్ని తిరగేసి చెక్కకు అంటించాం. ప్రసాదు గారు చూసి పెదవి విరిచారు.

“బాబాయి గారూ, ఈ సన్నగీత మెషిను కింద నిలవదండీ. అన్నీ ఒకే లావుగా చెక్కెయ్యండి.”

“నా మనవరాలు గీసింది గీసినట్టే చెక్కుతానయ్యా. విరిగిందంటే మళ్లీ ఉలి పట్టను.”

ఉలి లేని తాతయ్యను నేను ఊహించుకోలేకపోయాను. ఆయన మాత్రం తీగలు చెక్కే పద్ధతిలోనే, గీత పైన వెంట్రుకంత, అడుగున వేలంత ఉండేట్టు ఏటవాలుగా చెక్కుకుంటూ పోయాడు.

గుడివాడలో మెషిను తిరిగినప్పుడు నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. తెరిచేసరికి తడి సిరాతో ‘క’, దాని నెత్తిన సన్నగీత, ఎక్కడా తెగకుండా! ఆఖరి కాగితానికీ అలాగే పడింది. “ఓడిపోయానండీ బాబాయి గారూ” అంటూ ప్రసాదు గారు తొక్కుడు లడ్లు తెప్పించారు. ఆ నెలంతా పెదపారుపూడి నుంచి కోడూరు దాకా ఏ గోడ చూసినా మా అక్షరాలే. బస్సులో పక్కనున్నవాళ్లందరికీ “నేనే గీశా” అని చెప్పేదాన్ని. అమ్మ గిల్లినా ఊరుకోలేదు.

ఇప్పుడు ఆ ప్రెస్సు లేదు, అరుగు లేదు, తాతయ్య లేడు. ఆ ఆరు అక్షరాల పోలికలోనే రెండేళ్లు కూర్చుని మిగతా అక్షరాలన్నీ గీసి, ఎవరైనా వాడుకునేలా కంప్యూటరుకు ఎక్కించాను. తలకట్లు కాస్త లావు చేయమని చూసినవాళ్లంతా చెప్పారు. చచ్చినా చేయనన్నాను.

నిన్న మంగినపూడి వెళ్తుంటే, రోడ్డు పక్కన నిలువెత్తు బోర్డు మీద అవే అక్షరాలు. ఆటో ఆపించాను. డ్రైవరు అంత దూరం నుంచే గడగడా చదివేశాడు.

“అక్షరాలు భలే ఉన్నాయి కదండీ! ఎవరు రాశారో!”

నేనే గీశా అనబోయాను. బోర్డు మీది సన్నగీత కేసి చూశాను.

“మా తాతయ్యండీ” అన్నాను.