అమ్మవారికి చెప్పుకున్న కోరిక

ఆ కబురు మొదట తెచ్చింది పాలుపోసే సత్యవతి. "సుందరమ్మగారిని ఇల్లు ఖాళీ చేయమన్నారంటండి. మీ మరిదిగారి వల్లేనంట" అంది.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. రాజమండ్రిలో మా ఇంట్లో ప్రతి శుక్రవారం అమ్మవారి పారాయణ జరిగేది. వచ్చినవారి పేరు, గోత్రం, కోరిక ఒక పుస్తకంలో రాసుకుని నేనే సంకల్పం చదివేదాన్ని.

మా మరిది ఇళ్ల లోన్లిచ్చే కంపెనీలో కొత్తగా ఆఫీసరయ్యాడు. 'సొంతిల్లు' అని కోరిక ఉన్న పేర్లన్నీ నాకు తెలియకుండా ఆ పుస్తకంలోంచి ఎత్తి రాసుకున్నాడు. మా పారాయణకి వచ్చే సుందరమ్మగారు జాకెట్లు కుట్టుకుంటూ అద్దెకుండేవారు. ఆవిడ గుమ్మంలోకి వెళ్లి, ఆ ఇంటి యజమానుల ఎదుటే "ఇల్లు కొంటున్నారటగా" అన్నాడట.

నిలదీస్తే నవ్వాడు. "పేపర్లో ప్రకటనకి బోలెడవుతుంది వదినా. ఇది ఖర్చులేని పబ్లిసిటీ."

నాకు ఒళ్లు మండిపోయింది. "అది అమ్మవారి చెవిన వేసిన మాట. నీ కరపత్రం కాదు" అని, అతన్ని వెంటబెట్టుకుని ఆ ఇంటి యజమానుల దగ్గరికి వెళ్లాను. "ఎలాగూ వెళ్లిపోతారు కదా అని వేరేవాళ్లకి మాటిచ్చేశామండి" అన్నారు వాళ్లు.

సుందరమ్మగారు ధవళేశ్వరంలో ఎక్కడో గది చూసుకున్నారు. అయినా మరుసటి శుక్రవారం వచ్చారు. నా మీద కోపం పెట్టుకోకుండా వచ్చిన ఆ రుణం తీర్చుకోలేను. కోరిక అడిగితే, "ఏం రాయకండమ్మా, ఖాళీగా వదిలేయండి" అన్నారు.

మరిది మీద కోపం నాకు ఈనాటికీ చల్లారలేదు. ఇది చదివినవారు దీపం పెట్టినప్పుడు సుందరమ్మగారిని ఒక్కసారి తలుచుకోండి. ఆవిడ కోరికేంటో మీకు తెలుసు.