మా ఊరి రెండు భజనలు

మా ఊరికి వచ్చినవాళ్లు ఇప్పుడు ఒకటే మాట అంటారు: ఇంత చిన్న ఊళ్లో రెండు చెక్కభజన బృందాలా, ఎంత గొప్ప! ఆ మధ్య జమ్మలమడుగు నుంచి వచ్చిన ఒక అధికారి మైకులో కూడా అదే అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఆ రెండూ ఒకప్పుడు ఒకటే బృందం. దాన్ని మొదలుపెట్టినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

అప్పుడు నేను జమ్మలమడుగులో డిగ్రీ చదువుతున్నాను. పంచాయతీ ఎన్నికల్లో మా ఊరి పై వీధికీ కింద వీధికీ మాటలు ముదిరి, కొట్లాటై, పై వీధి ఆయనొకరు కొట్టిన దెబ్బకు కింద వీధి ఆయనొకరి చెయ్యి విరిగింది. అప్పటినుంచి పై వీధి పెళ్లికి కింద వీధివాళ్లు పోరు. కింద వీధిలో చావైతే పై వీధివాళ్లు తొంగి చూడరు. శనగ కోతకు కూలీలను కూడా వీధి చూసే పిలిచేవారు. మాది పై వీధి. ఒకటో తరగతి నుంచి నాతో చదువుకున్న స్నేహితురాలిది కింద వీధి. కాలేజీకి ఒకే ఆటోలో పోయేవాళ్లం. తిరిగి వచ్చేటప్పుడు ఊరు కనబడగానే మాటలాపేసి, ఎవరో తెలియనివాళ్లలా దిగి నడిచేవాళ్లం.

చెక్కభజన ఆలోచన తనదే. రామాలయంలో మూలపడిన పాత చెక్కలు చూసి వచ్చి నాతో అంది: "మన పెద్దోళ్లు అందరూ కలిసి ఎగిరినోళ్లే గదమ్మే. ఇప్పుడు ఎదురుపడితే మొగం తిప్పుకుంటాండారు. మనం నేర్చుకుంటే, పిల్లోళ్లని సూసేదానికన్నా ఒక తావుకు వస్తారు గదా."

పక్క ఊళ్లో గొర్రెలు కాసుకునే ఒక పెద్దాయన ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్లకంతా భజన గురువు. ఇద్దరమూ పోయి అడిగాం. ఆయన నవ్వాడు.

"ఆడపిల్లోళ్లు ఎగురుతారా?"

"ఎగురుతాం తాతా."

"అట్లయితే నేర్పుతా. జతలు మాత్రం నేనే కడతా. మీ వీధులు నాకొద్దు."

చెక్కభజనలో ఒకరికొకరు ఎదురుగా నిలబడి, చేతిలో చెక్కలు ఆడిస్తూ, పాటకు తగ్గట్టు అడుగు వేయాలి; దాన్నే మా వైపు ఎగరడం అంటారు. రెండు వీధుల నుంచీ ఆడపిల్లలు, మగపిల్లలు వచ్చి చేరారు. ఆయన ప్రతి జతలోనూ పై వీధివాళ్లను ఒకరిని, కింద వీధివాళ్లను ఒకరిని పెట్టాడు. నాకు జత నా స్నేహితురాలే. చెయ్యి విరిగినాయన కొడుక్కు జత, విరగ్గొట్టినాయన కొడుకు. ఆ ఇద్దరినీ ఎదురెదురుగా గుడి ముందర నిలబెట్టి, గురువు తాళం వేశాడు. ఇద్దరూ తలలు వంచుకొని అడుగు వేశారు.

మొదట్లో మా అమ్మలు గుడికి అటొకరు ఇటొకరు నిలబడి చూసేవారు. తర్వాత కాళ్లు నొప్పి పుట్టి ఒకే అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టారు. వక్కాకు అడిగి పుచ్చుకునేదాకా వచ్చింది. ఒకరోజు చెయ్యి విరిగినాయన కొడుక్కి మడమ బెణికితే, వాడి జతగాడే బండి మీద ఇంటికి తీసుకుపోయాడు. ఆ ఇంటి తల్లి వాణ్ణి వాకిట్లో నిలబెట్టి పంపేయలేదు, లోపలికి పిలిచి టీ ఇచ్చింది. మరునాడు పొద్దున నీళ్ల ట్యాంకు దగ్గర ఆడవాళ్లంతా ఆ టీ గురించే మాట్లాడుకున్నారు.

శ్రావణమాసంలో ఒక శనివారం గండి ఉత్సవాలకు పోయాం. రెండు వీధులవాళ్లూ ఒకే లారీలో ఎక్కారు. పాపఘ్ని ఒడ్డున, ఆంజనేయస్వామి గుడి ముందర, అంత జనం మధ్య ఎగిరాం. ఆడపిల్లలు చెక్కలు పట్టారని కొందరు మూతి విరిచారు గానీ, పాట ఊపందుకున్నాక వాళ్లే ముందుకు జరిగి నిలబడ్డారు. తిరుగు దారిలో లారీలో మా నాయన, స్నేహితురాలి నాయన పక్కపక్కన కూర్చొని పాట అందుకున్నారు. తను నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఇక అంతా సరిపోయిందనుకున్నాం.

పేరు రాగానే పెద్దల కళ్లు పడ్డాయి. పై వీధి నాయకుడు ప్రొద్దుటూరులో కుట్టించి అందరికీ కొత్త బట్టలు పంపాడు. ప్రతి చొక్కా వీపు మీదా ఆయన బొమ్మ. మా బృందం జమ్మలమడుగులో ఆయన పార్టీ సభలో ఎగరాలట, ఆ బట్టలతోనే ఎగరాలట.

"ఆ బొమ్మ ఏసుకొని మేం యాడ ఎగురుతాం?" అంది నా స్నేహితురాలు. ఎవరమూ వేసుకోకూడదని, బట్టలు తిరిగి ఇచ్చేయాలని నేనూ అన్నాను. ఆ మాట ఇంట్లో చెబితే మా నాయన అన్నం ముందర నుంచి లేచాడు.

"ఆయప్ప ముందర నా తల దించుతావా? నోరు మూసుకొని ఏసుకో."

నేను పోలేదు. మా వీధి పిల్లలు పోయారు. కింద వీధి పిల్లలను వాళ్ల ఇళ్లల్లో ఆపేశారు. కొన్నాళ్లకు కింద వీధి నాయకుడూ బట్టలు కుట్టించాడు, స్పీకర్లు కొన్నాడు. గురువును రెండు వైపులవాళ్లూ పిలిచారు. "నేను కట్టింది జతలప్పా, పార్టీలు కాదు" అని చెప్పి, ఆయన గొర్రెలమ్ముకొని కమలాపురంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. మళ్లీ మా ఊరి వైపు రాలేదు.

శ్రీరామనవమి నాడు రెండు బృందాలూ ఊరికి ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి ఎగిరాయి. స్పీకర్లు ఒకదానివైపు ఒకటి తిప్పి పెట్టారు. రెండు వైపులా పాడేది రాముడి పాటలే, ఒకాయన నేర్పినవే. ఊరేగింపులు గుడి దగ్గర ఎదురుపడ్డాయి. ఎవరు ముందు దారివ్వాలని మాట పెరిగింది. మడమ బెణికిన రోజు బండి మీద ఎక్కించుకొని పోయినవాడే, చేతిలోని చెక్కతో తన జతగాడి నుదుటి మీద కొట్టాడు. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో కుట్లు పడ్డాయి. దెబ్బ మానింది గానీ ఆ ఇద్దరూ ఈనాటికీ మాట్లాడుకోరు. నేను ఆ రోజు నుంచి చెక్కలు ముట్టలేదు.

నా స్నేహితురాలిని పులివెందులకు ఇచ్చారు. పెళ్లి సంగతి నాకు, పెళ్లి బట్టలు కుట్టిన మా ఊరి టైలరు చెప్పాడు. నేను ప్రొద్దుటూరులో బడి పంతులమ్మనయ్యాను. పోయిన ఎండాకాలం సెలవులకు ఊళ్లో ఉండగా వాళ్ల నాయన చనిపోయాడు. ఎవరికీ చెప్పకుండా కింద వీధికి పోయాను. నన్ను చూసి తను లేచి గడప దాకా వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. పట్టుకోబోతే వెనక్కి జరిగింది.

"ఎందుకొచ్చినావు మే? మా అన్న సూస్తే ఈడ గలాట అయితాది. నాయన్ని వాకిట్లో పెట్టుకొని అదంతా నేను పడల్యాను. పో."

"ఒకసారి సూసి పోతా."

"సూసినావు గదా. పో."

షామియానా కింద వాళ్ల భజన వాళ్లు పాట ఎత్తుకున్నారు. కూర్చున్నవాళ్లంతా నా వైపే చూస్తున్నారు. వెనక్కి తిరిగి వచ్చేశాను.

మా నాయన వాకిట్లోనే కూర్చొని ఉన్నాడు. "యాడికి పోయింటివి?" అన్నాడు.

"చావింటికి."

ఎలా పోయాడని కూడా అడగలేదు.

"తలమీద నీళ్లు పోసుకొని లోపలికి రా" అన్నాడు.

పెరట్లోకి పోయి నీళ్లు పోసుకున్నాను. కింద వీధి నుంచి పాట ఇంకా వినబడుతూనే ఉంది. మా అమ్మ వచ్చి, నాకు పొడి చీర అందించి, ఆ వైపున్న వంటింటి కిటికీ మూసింది.