బల్లలు బిగించిన మాస్టారు

మా ఊళ్లో ఇంటర్మీడియట్ పరీక్ష మూడుసార్లు రాసినవాణ్ణి నేనొక్కణ్ణే. కాబట్టి చదువు విషయంలో మిగతావాళ్లకన్నా నాకు అనుభవం ఎక్కువని పెద్దలు నిర్ణయించారు. తొంభైల్లో మా మండలం తరఫున జిల్లా పరిషత్తు మెంబరుగా గెలిచాక, నన్ను తీసుకెళ్లి విద్య, యువజన వ్యవహారాల పర్యవేక్షణ ఉపసంఘంలో వేశారు. పేరు పొడుగ్గా ఉంది గానీ మనుషులం అయిదుగురమే. సమావేశాలు బందరులో జరిగేవి. ఘంటసాల దగ్గర మా ఊళ్లో పొద్దున బస్సెక్కి, అక్కడ పకోడీలు తిని, టీ తాగి, చూపించిన చోట సంతకం పెట్టి, సాయంత్రానికి ఇల్లు చేరేవాణ్ణి. వీక్షణ లేకపోయినా భక్షణకు లోటుండేది కాదు.

మా చేతికింద రెండు పనులు ఉండేవి. ఒకటి, దివిసీమలో చిన్న చిన్న బళ్ల బాగోగులు. రెండోది, గుడివాడ దగ్గర ఉద్యోగం లేని యువకులకు వడ్రంగం నేర్పే శిక్షణ కేంద్రం. ఈ రెంటికీ సంబంధం ఏమిటని నేను అడగలేదు. ఆ సంబంధం ఎంత గట్టిదో మొదటి తనిఖీలోనే తెలిసింది.

ఆ బడి సముద్రానికి దగ్గర్లో, పాయ దాటితే గానీ రాని పల్లెలో ఉంది. పల్లె చుట్టూ వరి పోయి రొయ్యల చెరువులు వచ్చాయి. పడవ దిగుతుంటే నా ఎడమ చెప్పు బురదకు నచ్చింది. పోనీలే అని దాన్ని అక్కడే వదిలి, ఒంటి చెప్పుతో తనిఖీకి నడిచాను.

బడి అరుగు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మా తనిఖీలకు ఒక పద్ధతి ఉండేది. ముందు కొబ్బరిబోండాం, తర్వాత తనిఖీ పుస్తకం. బోండాం అయ్యేలోగా పుస్తకం కూడా అయిపోవాలి. తెరిచి చూస్తే కిందటేడు వచ్చిన మెంబరుగారి రాత కనపడింది: ‘పాఠశాల పరిశుభ్రముగా ఉన్నది. పిల్లలు చురుకుగా ఉన్నారు. బల్లలు కావలెను.’ పేజీ తిప్పితే అంతకుముందు ఏడు కూడా అదే మాట. ఇంకో పేజీ వెనక్కి వెళ్లినా అదే.

నాతో వచ్చిన ఆఫీసు బంట్రోతు నా చెవి దగ్గర వంగాడు. “పైన ఉన్నదే దింపేయండి సార్. అందరూ అంతే.”

పెద్దల మాట మార్చడం మర్యాద కాదు కదా! దింపేశాను. బడిలో పరీక్షలప్పుడు పక్కవాడిది చూసి రాసిన అలవాటు ఇన్నాళ్లకు ప్రజాసేవకు పనికొచ్చింది.

సంతకం ఆరకముందే టీచరుగారు బయటికి వచ్చారు. నిండు నెలలు దగ్గరపడుతున్న మనిషి. ఒక చేత్తో గుమ్మం పట్టుకుని పుస్తకంలోకి తొంగి చూశారు.

“మీరూ అడిగేశారా అండీ బల్లలు?”

“ఏమ్మా, అవసరం లేదా?”

“ఒకసారి లోపలికి రండి.”

రండి అన్నారే గానీ, రావడానికి లోపల లేదు. గది నిండా బల్లలు. నేల మీద పట్టనివి ఒకదాని మీద ఒకటి వాసాల దాకా పేర్చి ఉన్నాయి. ఒకటో తరగతి కింది వరసలో కూర్చుంది. మూడో తరగతి మధ్య వరసలో ఉంది. అయిదో తరగతి పైన, కాళ్లు వేలాడేసుకుని. పైతరగతి అంటే ఇదన్నమాట అనుకున్నాను. నాకు నమస్కారం పెట్టడానికి ఒక పిల్ల తాటిచెట్టు దిగినట్టు చేతులూ కాళ్లూ మార్చుకుంటూ దిగింది.

“ఏటా రాస్తారు, ఏటా పంపిస్తారు,” అన్నారు టీచరుగారు. “ఊళ్లో పెళ్లిళ్లకిస్తున్నాం. వలలు ఆరేసుకోమని ఇస్తున్నాం. వాటిని ఊళ్లోవాళ్లే తిరిగి తెచ్చిస్తున్నారండీ, ఇంట్లో చోటు లేదని. నేనడిగేది మాత్రం ఎవరూ రాయరు.”

“మీరేం అడుగుతారమ్మా?”

“ఇంకో టీచర్ని. అయిదు తరగతులకీ నేనొక్కదాన్నే. నెలన్నరలో ప్రసూతి సెలవు మీద వెళ్లాలి. నా ముందున్న మాస్టారు జబ్బుపడితే బడికి తాళం వేశారు. తాళం తీసేసరికి సగం మంది పిల్లలు రొయ్యల చెరువుల్లో పనికి చేరిపోయారు. వాళ్లు మళ్లీ రాలేదు. వీళ్లు కూడా అలా పోతారని నాకు బెంగండీ.”

రాసింది కొట్టేద్దామని కలం తీశాను. పుస్తకం అట్ట మీదే ఉంది: ‘కొట్టివేతలు చెల్లవు.’

తర్వాతి సమావేశంలో పకోడీలు రాకముందే లేచి నిలబడ్డాను. అందుకే అందరూ కంగారుపడ్డారు. మా అధ్యక్షుడుగారి మనసు వెన్న. నిర్ణయం కూడా వెన్నే, ఎటు వేడి తగిలితే అటు కారుతుంది.

“ఆ బడికి బల్లలు వద్దండీ. టీచరు కావాలి,” అన్నాను.

“వద్దంటే ఎలా బావా? కావలెనని నువ్వేగా రాశావు. ఇదిగో నీ సంతకం,” అన్నారు అధ్యక్షుడుగారు. ఆయనకు మెంబర్లందరూ బావలే.

“చూడకుండా రాశానండీ.”

“చూసి రాసినవాడెవడయ్యా మనలో?” అన్నాడు నా పక్కన కూర్చున్న మెంబరు.

“అది కాదు బావా,” అన్నారు అధ్యక్షుడుగారు బుజ్జగింపుగా. “బల్లలు ఆపేస్తే గుడివాడలో మన కుర్రాళ్లు ఏం చెయ్యాలి? వాళ్లు నేర్చుకున్నది బల్ల ఒక్కటే.”

“కుర్చీలు నేర్పించండి.”

“కుర్చీలు అడిగే బడి ఏది? ఎక్కడా ఎవరూ రాయలేదే!”

అప్పుడు అర్థమైంది. బల్లలు చేసేవాళ్లూ మావాళ్లే, పుచ్చుకునేవాళ్లూ మావాళ్లే. కిందటేటి కోరికే ఈ ఏడూ ఉంటే అది పాత అంశం, చర్చ లేకుండా నిమిషంలో ఆమోదం. టీచరు కొత్త అంశం. అది పైకి వెళ్లి, అక్కడినుంచి ఇంకా పైకి వెళ్లి, రావాలనిపిస్తే రావాలి.

“ఎన్నాళ్లు పడుతుందండీ?” అని మా ఉపసంఘం గుమాస్తాగారిని అడిగాను.

“మామూలుగా రెండేళ్లండి.”

“ఆవిడకి ఇక ఉన్నది నెల రోజులే.”

“ముందే చెప్పుకోవలసింది,” అన్నారు అధ్యక్షుడుగారు.

“పెళ్లికి ముందా అండీ?” అన్నాను. పకోడీలు వచ్చాయి. నేను తినలేదు. ఉపసంఘం చరిత్రలో అదొక్కటే నిరసన, ఎవరూ గమనించలేదు.

బయట టీకొట్టు దగ్గర గుమాస్తాగారు నా పక్కకు వచ్చి నిలబడ్డారు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. మాట్లాడేటప్పుడు మన మొహం చూడరు, మన చేతిలో కాయితం ఏమైనా ఉందేమో చూస్తారు.

“మెంబరుగారూ, మీకు కావలసింది టీచరా, టీచరని రాసున్న కాయితమా?”

“టీచరేనండీ.”

“అయితే కాయితం మీద బల్లల్నే ఉండనివ్వండి. గుడివాడ కేంద్రంలో ఒకాయన ఉన్నాడు. ముప్పై దాటాయి. టీచరు ట్రైనింగు చదివి ఎన్నాళ్లు చూసినా పోస్టు రాక, చివరికి వడ్రంగంలో చేరాడు. బల్లలు వెళ్లినచోట బిగించడానికి కేంద్రం నుంచి ఒక మనిషిని పంపవచ్చని రూలు ఉంది.”

“బిగించడానికి ఎన్నాళ్లు పడుతుందండీ?”

గుమాస్తాగారు టీ ఊదుకున్నారు. “ఆవిడ పురుడు పోసుకుని వచ్చేదాకా పడుతుందండి.”

అలా ‘బల్లలు, బిగించు మనిషితో సహా’ అన్న తీర్మానం నిమిషంలో గట్టెక్కింది. చర్చ లేదు.

నెల తిరక్కుండా పడవ మీద కొత్త బల్లలు వచ్చాయి. వాటి మీద ఆయన కూర్చుని వచ్చాడు. ఉలి, సుత్తి ఉన్న సంచిలోనే సుద్దముక్కల డబ్బా కూడా ఉంది. టీచరుగారు ఆయన్ని సుత్తి గురించి అడగలేదు. “భాగహారం రానివాడికి ఎక్కణ్ణించి మొదలుపెడతారు?” అని అడిగారు. “పంచుకోవడం దగ్గర్నించండి. చింతపిక్కలిచ్చి,” అన్నాడు. ఆవిడ మర్నాడే సెలవు చీటీ రాశారు.

ఇక మాకొక్కటే చిక్కు. బల్లలు బిగిసిపోతే ఆయన పని అయిపోయినట్టే. అందుకని నెల నెలా ఆయన ఆఫీసుకు రాసేవాడు: ‘బల్లలు ఇంకనూ కదులుచున్నవి. పని సాగుచున్నది.’ అబద్ధం రాయడం ఇష్టం లేని మనిషి కావడంతో, ఒక బల్లని వదులుగానే ఉంచాడు. పిల్లలు విరామంలో దాన్ని వంతులేసుకుని ఊపేవారు. ఒకసారి పడవలు చేసే వడ్రంగి ఒకాయన పాపం జాలిపడి, ‘మాస్టారికి పని రాదు కాబోలు’ అని, ఆదివారంనాడు వచ్చి దాన్ని రాయిలా బిగించి పోయాడు. సోమవారం పొద్దున్న బడంతా కలిసి దాన్ని మళ్లీ వదులు చెయ్యడానికి మధ్యాహ్నం దాకా పట్టింది.

ఆ కదలికను ధ్రువీకరించవలసింది పర్యవేక్షకుణ్ణైన నేనే. వెళ్లాను, కూర్చున్నాను, పడ్డాను. నా పదవీకాలంలో కళ్లారా చూసి, నడుమారా అనుభవించి రాసిన ధ్రువీకరణలు అవే.

టీచరుగారు తిరిగొచ్చే రోజుకు కూడా బల్లలు బిగియలేదని, మాస్టారు ఇంకొన్నాళ్లు ఉండేలా మరో కాయితం రాసి ఉంచి, ఆ రోజు నేనూ బడికి వెళ్లాను. పసిబిడ్డను పల్లెలో ఎవరింట్లోనో దిగిన తన తల్లి దగ్గర వదిలి, ఆవిడ నేరుగా వచ్చి హాజరుపట్టీ తెరిచారు. ఒక్కో పేరు పిలవడం, ఒక్కో గొంతు పలకడం. పేరుకూ పేరుకూ మధ్య ఆవిడ ఊపిరి తీసుకోవడం నాకు వినపడుతూనే ఉంది. అయిదో తరగతిలో ఒక పేరు దగ్గర ఎవరూ పలకలేదు. మళ్లీ పిలిచారు.

“ఆ పిల్ల చెరువు కాడ ఉందండీ,” అన్నారు పైనుంచి పిల్లలు. “నాలుగు రోజుల్నించీ వాళ్లమ్మతో పాటు పనికెళ్తంది.”

“బడికి ముందు రెండుసార్లు ఇంటికి వెళ్లానండి,” అన్నాడు మాస్టారు తల వంచుకుని. “అప్పటికే పనికి వెళ్లిపోతున్నారు. బడి వదిలి చెరువు గట్టు దాకా కూడా వెళ్లలేకపోయాను. నేనొక్కణ్ణే కదండీ.”

టీచరుగారు పట్టీ మూసి ఆయన చేతికిచ్చారు. “ఇప్పుడు ఇద్దరం కదా. మీరు పాఠం చెప్పండి మాస్టారూ.” గొడుగు తీసుకుని, గుమ్మంలో నన్ను చూసి ఆగారు. “మెంబరుగారూ, మీరు ఊరికే నిలబడ్డారుగా. మూడో తరగతిని కాస్త చూస్తూ ఉండండి.”

మూడో తరగతిని నేను చూశాను. మూడో తరగతి నన్ను చూసింది. ఏడో ఎక్కం చెప్పబోతే వాళ్లే దిద్దారు. అందుకని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. చెరువు గట్టు మీద ఆ పిల్ల తల్లీ టీచరుగారూ మాట్లాడుకునే మాటలు గాలికి తేలి వస్తున్నాయి.

“రేపట్నించి పంపుతానండీ టీచరుగారూ. ఇయ్యాల మేత వెయ్యాల.”

“మేత ఎక్కడుంది?”

“ఆ గంపలో ఉందండీ. అయినా మీకెందుకండీ?”

“నేను వేస్తాను. పిల్లని పంపు.”

“అయ్యో, బాలింత మనిషి, మీరేందండీ!”

“పంపవే తల్లీ, అవతల పాఠం అయిపోతుంది!”

కాసేపటికి ఆ పిల్ల చేతులు గౌనుకు తుడుచుకుంటూ గట్టు మీదుగా బడి వైపు పరుగెత్తుకొచ్చింది. దాని వెనక, చెరువు ఒడ్డున, టీచరుగారు గొడుగు పక్కన పెట్టి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, రొయ్యలకు మేత చల్లుతున్నారు.