ఎలియాస్ ముదలాళి పాట

మునిమనవరాలు ఫిడేలు పెట్టె తెరవగానే కమానుకు రాసే గుగ్గిలం వాసన వచ్చింది. మన ఈడువాళ్ళు ఎవరైనా మిగిలి ఉంటే చెప్పండి, విరుదునగర్ పత్తి గిడ్డంగుల వీధిలో ఎలియాస్ ముదలాళి గుర్తున్నాడా?

పందొమ్మిది వందల ముప్పైల్లో మాట. ఆయన యూదుడు, పత్తి వ్యాపారి; షావుకారును అక్కడ ముదలాళి అంటారు. కోవిల్‌పట్టి నుంచి బండ్లు తోలుకొచ్చే మన తెలుగువాళ్ళ దగ్గరే తెలుగు నేర్చాడు. సాయంత్రాలు అరుగు మీద ఫిడేలు వాయిస్తూ, వచ్చినవాళ్ళందరికీ కాఫీ పోయించేవాడు. శుక్రవారం పొద్దుగూకితే మాత్రం గిడ్డంగికి తాళం పడేది, ఫిడేలు పెట్టెలోకి వెళ్ళేది. శనివారం చుక్కలు పొడిచేదాకా వాళ్ళ మతంలో విశ్రాంతి దినం, భార్యాబిడ్డలతో ప్రార్థనే.

ఆయన్ని అన్నా అని పిలిచే మా అమ్మ మంచాన పడి, ఒకరోజు, "అన్న ఫిడేలు ఒకతూరి వినాల" అంది. అది శనివారమని మాకు తోచలేదు. నాన్న వెళ్ళి చెప్పాడు. ఆయన భార్యను, ఇద్దరు కూతుళ్ళను వెంటబెట్టుకుని ఒట్టి చేతులతో వచ్చాడు.

"ఈపొద్దు ఫిడేలు ముట్టకూడదు సెల్లీ. పాడేదానికి అడ్డు లేదు. సుక్కలు పొడిస్తే ఫిడేలు తెస్తా."

మంచం పక్కన కూర్చుని తమ భాషలో పాడాడు. ఆ బొంగురు గొంతు మేమెవరమూ అంతకుముందు వినలేదు. కూతుళ్ళు గొంతు కలిపారు. అమ్మ కళ్ళు మూసుకుని విన్నది.

చుక్కలు పొడిచాక ఫిడేలు తెచ్చాడు. అమ్మ అప్పటికే పోయింది. ఇక వాయించడానికి ఆయనకు అడ్డేమీ లేదు. అయినా పెట్టె తెరవకుండా, ఆ మంచం పక్కనే కూర్చుని, పొద్దున పాడిన పాటే మళ్ళీ నోటితో పాడాడు.