ఆడికృత్తికకు పారబోసిన పితికిపప్పు

కొన్నేళ్ళపాటు నా ఉద్యోగం మా ఇంటి ఫ్రిజ్ పైఅరలో ఉండేది. ఊరికే అనడం లేదు. నేను తిరుత్తణిలో పొద్దున్నే రైలెక్కి తిరువళ్ళూరులో ఆఫీసుకు పోయేదాన్ని. కోడలు రెండు పూటలా వేడిగా వండి పెట్టడం లేదని అత్త గొడవ పెట్టింది. ఆదివారం కూరలు తరిగి, గింజలు ఉడికించి ఫ్రీజర్లో పెట్టుకుని వారమంతా వాడుకుంటానని నేనన్నాను. మా ఆయన పెద్దమనిషిలా గొంతు సవరించుకుని తీర్పు చెప్పాడు. అలాగే చేసుకోవచ్చు. అయితే ఆ తిండి తిని ఎవరికైనా కడుపు చెడితే మాత్రం ఆ రోజే ఉద్యోగం మానేయాలి. నేను ఒప్పుకున్నాను. వేరే దారి లేక కాదు, పంతానికి.

అత్తకు ఆ పెట్టె అంటేనే పడదు. మా వైపు ఎవరైనా పోతే, దూరం నుంచి బంధువులు వచ్చేదాకా శవాన్ని అద్దాల ఐసుపెట్టెలో ఉంచుతారు. అది పట్టుకుంది ఆమె. "పీనుగను పెట్టేదాంట్లో కూరాకు పెట్టేది యాడన్నా ఉండాదా?" అని వీధిలో వాళ్ళ ముందే అనేది.

"పీనుగకు పెట్టె బాడుగకు తెస్తారు అత్తా. ఇది మన సొంతం" అన్నాను ఒకసారి. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ ఇల్లు హాయిగా ఉంది.

ఫ్రీజర్లో పెట్టడమంటే తలుపు తీసి లోపల పడేయడం కాదు. చలికాలంలో మేము అనపగింజలు రాత్రంతా నానబెట్టి, ఒక్కో గింజనూ వేళ్ళ మధ్య నొక్కి, తొక్కలోంచి పప్పు బయటికి తీస్తాం. అదే పితికిపప్పు. చలి పోతే అనపకాయలూ పోతాయి, మళ్ళీ ఏడాదికే దాని ముఖం చూసేది. మొదటి ఏడాది నేను ఆ పప్పును తడి ఆరకుండానే కవర్లో కుక్కి పెట్టాను. అంతా ఒక్కటే గడ్డ అయ్యింది, రోకలి తెచ్చి కొట్టాల్సి వచ్చింది. వండితే ఎండుగడ్డి వాసన. అత్త ఆ కూరను కంచంలో పక్కకు నెట్టిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

తర్వాతి ఏడాది నేను వదల్లేదు. మరిగే నీళ్ళలో పప్పు వేసి, ఒక్క పొంగు రాగానే తీసి చన్నీళ్ళలో వేశాను. పాత నూలుచీర మీద ఆరబెట్టాను. పళ్ళేల్లో పలుచగా పరిచి ఫ్రీజర్లో పెట్టి, గింజకు గింజ విడిగా గట్టిపడ్డాక, ఒక పూటకు ఒక కవరు చొప్పున గాలి లేకుండా అదిమి కట్టాను. ఒకసారి కరిగినదాన్ని మళ్ళీ లోపల పెట్టకూడదన్నది నా గట్టి నియమం. దానికి కాపలా కూడా పెట్టాను. చిన్న గిన్నెలో నీళ్ళు గడ్డకట్టించి, ఆ మంచు మీద ఒక చింతగింజ ఉంచాను. నేను లేనప్పుడు కరెంటు పోయి, లోపలిదంతా కరిగి మళ్ళీ గట్టిపడినా, గింజ గిన్నె అడుగున కనిపిస్తుంది.

"చింతగింజను కావలి పెట్టినావా?" అని అత్త నవ్వింది.

"మనుషుల్ని పెడితే నిద్రపోతారు గదా అత్తా."

అలా ఒక వేసవి గడిచింది, ఎవరికీ కడుపు చెడలేదు. ఆడినెల, అంటే అరవవాళ్ళ ఆషాఢం, వచ్చింది. ఆ నెలలో వచ్చే ఆడికృత్తిక పండుగకు పళ్ళిపట్టు నుంచి అత్త పుట్టింటివాళ్ళు కావళ్ళు ఎత్తుకుని నడిచి వస్తారు. తిరుత్తణి కొండ ఎక్కి స్వామికి మొక్కు తీర్చుకుని, దిగి మా ఇంట్లో భోంచేస్తారు. ఆ ఏడాది అత్త వాళ్ళకు ఫోన్లో చెబుతుంటే నేను వంటింట్లోంచి చెవులారా విన్నాను. "ఆడినెల్లో పితికిపప్పు పులుసు మా ఇంట్లో తప్ప ఇంగ యాడా తినలేరు మీరు." పీనుగ పెట్టెకు ఆ పూట ఎంత మర్యాదో!

కృత్తికకు ముందురోజు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇల్లంతా పసుపునీళ్ళ వాసన. ఫ్రిజ్ కొత్తదానిలా మెరుస్తోంది. మరునాటి వంటకు ఎన్ని కవర్లు కావాలో చూద్దామని తలుపు తీశాను. పప్పు విడిగా లేదు. కవర్లలో పైపైన గట్టిగా, నొక్కితే లోపల మెత్తగా ఉంది. గిన్నెలో కొత్త మంచు, దాని అడుగున చింతగింజ.

"అత్తా, ఫ్రిజ్ ఆపినావా?"

"ఆపకుండా కడిగేదెట్ల? పోయిన వారం నీ మొగుడు దాంట్లో కోడికూర పెట్టినాడు గదా. కవుచ్చి తగిలింది విరదానికి పనికొస్తుందా? పొద్దున్నే ఆపేసి, అంతా వసారాలో పెట్టి కడిగినా. మద్యానం పైన మళ్ళా లోపల పెట్టేసినా. గట్టిపడింది గదా, ఇప్పుడేమైంది?"

ఆమె కక్షతో చేసిన పని కాదది. వ్రతానికి ముందు కవుచ్చి, అంటే మాంసం, ముట్టిన ప్రతి గిన్నెనూ కడగడం ఆ ఇంటి ఆచారం, ఆమె లెక్కలో ఫ్రిజ్ కూడా ఒక గిన్నె. అయినా నాకు ఒళ్ళు మండింది. చలి క్రిములను చంపదు, నిద్రపుచ్చుతుంది అంతే. పూటంతా వసారా వేడిలో అవి లేచి, తిని, పెరిగి, మళ్ళీ పడుకున్నాయి. నోరు మూసుకుని వండేస్తే ఏమీ కాకపోవచ్చు. కానీ వచ్చినవాళ్ళలో ఒక్కరికి వాంతి అయినా తప్పు పసుపునీళ్ళ మీద పడదు. ఫ్రీజర్ మీద, నా మీద, నా ఉద్యోగం మీద పడుతుంది.

కవర్లన్నీ చింపి బేసిన్లో పోశాను. పెరట్లో చెత్తగుంతలో కుమ్మరించి, ఎవరూ ఏరుకోకుండా పైన బూడిద చల్లాను. చలికాలమంతా వేళ్ళు నొప్పెట్టేలా పితికిన పప్పు అది. ఏడుపొచ్చింది, కానీ అత్త ముందు ఏడవలేదు.

"తినేదాన్ని పారబోస్తావా? నేను వాళ్ళకు మాటిచ్చినానే!" అని అత్త కేకలు పెట్టింది.

మా ఆయన వచ్చాడు. "ఒక్క పూటకు వండేసుంటే ఏం పోయేది? నువ్వు పని మానుకుంటే ఈ తకరారే ఉండదు."

"ఎవురికి కడుపు చెడింది?" అని అడిగాను. "ఎవురికీ చెడలేదు. చెడనీకుండా చూసింది నేను. అందుకే మానను. అత్తా, నీ విరదానికి ఫ్రిజ్ కడుగు, నేను వద్దనను. ముందురోజు నాకు చెప్పు, ఖాళీ చేసిస్తా. చెప్పకుండా ఆపితే మళ్ళా పారబోస్తా. ఎన్నిసార్లయినా."

మరునాడు కొండ దిగి వచ్చినవాళ్ళకు వంకాయ సాంబారు, సొరకాయ కూటు వడ్డించాను. ఒక పెద్దాయన పితికిపప్పు ఏదని అడిగాడు. అత్త నా వైపు చెయ్యి చూపించి, "నా కోడలు పారబోసింది, దాన్నే అడుగు" అంది.

"చెడిపోయింది మామా. చెడింది మీకు పెట్టలేక పారబోసినా" అన్నాను, అందరికీ వినపడేలా. ఆయన తల ఊపి ఇంకో గరిటె సాంబారు పోయించుకున్నాడు.

ఆ చలికాలం మళ్ళీ అనపగింజలు నానబెట్టాను. అత్త నాకు వీపు పెట్టి కూర్చుని, ఆడదానికి ఉద్యోగం ఎందుకని గొణుగుతూనే, నాకంటే వేగంగా పితికింది. మానేది లేదని ఒకసారి చెప్పాను, చాలు.

ఎండాకాలంలో ఒక పొద్దున తిరుత్తణి ప్లాట్‌ఫారం మీద ఉండగా ఫోన్ మోగింది. అత్త.

"మరమ్మతంట, కరెంటు తీసేసినారు. సాయంత్రం దాకా రాదంట. పప్పుకేమన్నా అవుతుందేమో, తలుపు తీసి చూసేదా?"

"తీయొద్దు అత్తా. ఎవర్నీ తీయనీయొద్దు."

"నువ్వొచ్చేదాకానా?"

"నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా" అని చెప్పి రైలెక్కాను.