సుశీలమ్మ కొట్టని నంబరు

మొన్న ఒక ఆఫీసు కౌంటరు దగ్గర నిలబడితే, అద్దం వెనక కీబోర్డు టకటకమని మోగుతోంది. గుమాస్తా తలెత్తకుండానే నా వివరాలు తనకు తోచినట్టు కొట్టుకుంటూ పోతున్నాడు. నా సంగతి నన్నడగడానికి అతనికంత బరువేమిటో. కోపం నషాళానికంటింది. ఆ కోపం వెనకే సుశీలమ్మ గుర్తుకొచ్చింది.

పటాన్‌చెరులో మా చిన్న కార్ఖానాల సంఘానికి ఆఫీసంటే ఆమే; ఉత్తరాలు, లెక్కలు, కంప్యూటరు అన్నీ తనే చూసేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంఘం ఒక వెబ్‌సైటు పెట్టి, సభ్యుల డైరెక్టరీ అందులో ఎక్కించింది. కర్దనూరులో నాకు బాయిలర్ పైపులు వంచే షెడ్డు ఉండేది. బడి మొహం చూడనివాణ్ణి, డ్రాయింగులు చదవడం సొంతంగా నేర్చుకుని నిలబెట్టుకున్న షెడ్డు. డైరెక్టరీలో మాత్రం నన్ను 'వెల్డింగు కూలి' అని రాశారు. మార్చమని అడిగినప్పుడల్లా కమిటీ చూస్తుందన్నారు. కూలి అని రాసి ఉన్నవాడికి పైపుల ఆర్డరు ఏ కంపెనీ ఇస్తుంది?

ఆ ఏటి మీటింగులో సుశీలమ్మ లేచింది. సభ్యులకు తలా ఒక పాస్‌వర్డు ఇచ్చి, ఎవరి వివరాలు వాళ్ళనే దిద్దుకోనివ్వమంది.

"వీళ్ళ చేతికిస్తె గోడ మీద రాతలైతయమ్మా," అన్నాడు ప్రెసిడెంటు.

"ఎవరి గోడ మీద వాళ్ళు రాసుకుంటరు సార్. సున్నం మీరు కొనిస్తున్నరా?" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే తీర్మానం గట్టెక్కింది.

మరునాడు నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టింది. "నేను చెప్త, నువ్వు కొట్టమ్మా" అన్నాను. చేతులు కొంగులో చుట్టుకుని పక్కన నిలబడింది. "మీ షెడ్డుల పైపులు నేనొచ్చి వంచుతున్ననా అన్నా?"

ఒక్క వేలితో మధ్యాహ్నం దాకా కొట్టాను. మొదట రాసింది పైపుల సంగతి కాదు, 'కర్దనూరు మల్లయ్య గారి కొడుకు యాదగిరి' అని. మా నాయన బతుకంతా ఒకరి పొలాల్లో కూలి చేశాడు. ఊళ్ళో ఆయన్ని 'మల్లిగా' అని తప్ప పిలిచినవాళ్ళు లేరు. సుశీలమ్మ కళ్ళు ఆ 'గారి' దగ్గర కాసేపు ఆగాయి.

వారాలు గడిచినా ఒక్క ఫోనూ రాలేదు. షెడ్డు అమ్మేద్దామన్నంత దాకా వచ్చాను. ఒక ఎండపూట సుశీలమ్మ షెడ్డు ముందు ఆటో దిగింది.

"అన్నా, అన్నీ రాసిన్రు గాని ఫోన్ నంబరే మర్సిన్రు. నేను సుత ఇయ్యాలే చూసిన."

"నా నంబరు నీకు నోటికొచ్చు కదా. నువ్వే కొట్టకపోయినవా? గింత ఎండల గీడిదాక ఎందుకొచ్చినవ్?"

"నేనే కొడితె ప్రెసిడెంటు సారుకు నాకు ఫరకేందన్నా? ఇయ్యాల నంబరు పెడత. రేపు ఎవరన్న 'గారు' ఎందుకంటె, గది సుత తీసేస్త. నడువుండ్రి, ఆటో ఆపి పెట్టిన."

షెడ్డుకు తాళం వేసి ఆటో ఎక్కాను.

నంబరు పెట్టిన కొద్దిరోజులకు జిన్నారం వైపు మందుల ఫ్యాక్టరీ నుంచి ఫోను వచ్చింది. ఎవరో కొనుగోళ్ళు చూసే ఆయన. "మల్లయ్య గారి అబ్బాయేనాండీ?" అన్నాడు. ఆ ఆర్డరుతో షెడ్డు నిలబడింది. కానీ ఆ పూట ధర చెప్పేముందు, ఎవరి అబ్బాయన్నారో ఇంకోసారి అనమన్నాను.

సుశీలమ్మ ఇప్పుడు లేదు. ఆ వెబ్‌సైటూ తెరుచుకోదు. మొన్న ఆ గుమాస్తాను ఆపి, "కీబోర్డు జెర ఇటు తిప్పు బిడ్డా" అన్నాను.

"టైమైతది పెద్దాయనా, నేను కొడత."

"అయితె కానియ్యి."

అతను కీబోర్డు నా వైపు తిప్పాడు. వెనక లైను సణుగుతూనే ఉంది. తండ్రి పేరున్న గడి దగ్గరికి వెళ్ళి, మల్లయ్య పక్కన ఒక్క వేలితో 'గారు' కొట్టాను.